మేస్త్రి చరుపు

రంగూన్ రేవులో మా కూలీల ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్లను ఎంచేది మా మేస్త్రి. ఆట రోజు పజుండౌంగ్ మైదానం అంచున నిలబడి, ఎంచినవాళ్ల వీపు మీద ఒక్కటి చరిచేవాడు. ఎవరి చేతిలో చాకూ, విరామంలో కోసి పంచాల్సిన నిమ్మకాయలూ పెడితే వాడు ఆ రోజు ఆడడన్నమాట. కారణం చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

ఒక ఆదివారం అవి నా చేతిలో పడ్డాయి. కారణం నాకు తెలుసు. కిందటి వారం ఏటి అవతలి సిరియం ఊరి జట్టులోని బర్మా ఆటగాణ్ణి కావాలనే మోకాలి మీద తన్నాను. ఇవాళ మళ్లీ వాళ్లతోనే ఆట.

విరామంలో మావాళ్లకు నిమ్మచెక్కలు పంచి కూర్చోబోయాను.

"ఆళ్లకెవులిస్తార్రా? నువ్వు తన్నినోడికి ముందియ్యి," అన్నాడు మేస్త్రి.

"కొడతాడు మేస్త్రీ."

"కొడితే తినీసి రా."

పళ్లెం పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. అతను మోకాలికి గుడ్డ కట్టుకునే ఆడుతున్నాడు. నన్ను ఎగాదిగా చూసి, రెండు చెక్కలు తీసుకున్నాడు. ఒకటి తన నోట్లో పెట్టుకుని, రెండోది నా నోట్లో కుక్కి పకపకా నవ్వాడు. పులుపుకు కళ్లు మూసుకుపోయాయి గాని, వారం రోజులుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది.

మిగతావాళ్లకూ పంచి తిరిగొచ్చాను. మేస్త్రి ఖాళీ పళ్లెం అందుకుని నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

తరవాతి ఆటకు ఇంకా వారం ఉంది.