గురమ్మ కాలు, తాయారు నెత్తురు

తాయారు కాపురానికొచ్చిన ఊరు బొబ్బిలికి మూడు మైళ్ళు. పెళ్ళిలో అత్త గురమ్మ చీర నేల ఊడ్చేలా కట్టుకుంది కాబట్టి ఆమె ఎడమకాలి సంగతి తాయారు వాళ్ళకి తెలియలేదు. కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున్న, అరుగు మీద చీర పైకి లాక్కుని ఈగలు తోలుకుంటున్న అత్తని తాయారు చూసింది. మోకాలి కింద నుంచి కాలు దూలమంత లావు. చర్మం చెట్టు బెరడులా నల్లగా పగిలి, వేళ్ళ సందుల్లోంచి పల్చటి నీరు కారుతోంది. చచ్చిన ఎలుక వాసన. తాయారు పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

ఆనాటి నుంచి అత్త కూర్చున్న పీట మీద కూర్చోలేదు. నెలకోసారి గురమ్మకి వణుకుతో జ్వరం వచ్చేది, గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ కట్టేది, కాలు ఎర్రగా కాలిపోయేది. అప్పుడు వేపాకు నీళ్ళు పోయాల్సింది తాయారే. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని పోసేది.

"సూసి పొయ్యే, నేల మీద పోస్తన్నావు," అనేది గురమ్మ.

అరవయ్యెనిమిది వేసవిలో ఫైలేరియా వాళ్ళు ఊరికొచ్చారు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూటే నెత్తుట్లో తిరుగుతాయిట. అందుకని చీకటి పడ్డాక ఇంటింటికీ తిరిగి, వేలికి సూది గుచ్చి, గాజుపలకల మీద చుక్కలు పట్టుకెళ్ళారు. వారం పోయాక ఇనస్పెక్టరు ధర్మారావు చీటీలు పట్టుకుని వచ్చాడు.

"గురమ్మగారికి ఏమీ లేదు. పురుగులున్నది తాయారుకే," అన్నాడు.

"ఏటి బాబూ, కాలు ఆవిడది కదా. నా కాళ్ళు సూడండి," అంది తాయారు.

ధర్మారావు అరుగు మీద కూర్చున్నాడు. "నెత్తురు తిరిగేటప్పుడు కొంత నీరు కండల్లోకి ఊరుతుందమ్మా. దాన్ని మళ్ళీ నెత్తుట్లోకి చేర్చడానికి సన్నటి గొట్టాలు వేరే ఉన్నాయి. దారిలో చంకల్లో, గజ్జల్లో బిళ్ళలుంటాయి. చెడ్డ క్రిములొస్తే ఒళ్ళు వాటిని అక్కడ ఆపి చంపుతుంది. దోమలు తెచ్చిన పురుగులు ఆ గొట్టాల్లోనే కాపురం పెడతాయి. ఏళ్ళు గడిస్తే గొట్టాలు పాడై, నీరు పైకెక్కక కాలు ఉబ్బుతుంది. మీ అత్తగారి పురుగులు ఎప్పుడో చచ్చుంటాయి. నీవి బతికున్నాయి. ఆవిడ నుంచి ఇప్పుడెవరికీ అంటదు. నిన్ను కుట్టిన దోమ ఇంకొకరికి అంటిస్తుంది."

"ఎంత పొడుగుంటాయి బాబూ?"

"ఆడది బెత్తెడు. తెల్లగా, దారంలా."

ఆ పూట తాయారుకి అన్నం దిగలేదు. మెతుకులు కూడా తెల్లగా, పొడుగ్గా కనిపించాయి. ఎక్కడ పాకుతున్నాయోనని చేతులు, తొడలు తడుముకుంది. నూతి దగ్గర ఒళ్ళు ఎర్రబారేలా పీచుతో రుద్దుకుంది. మొగుడు ఎర్రన్న తన మంచం వీధిలోకి లాక్కున్నాడు. ఉక్కగా ఉందన్నాడు.

పన్నెండు రోజులు మాత్రలు మింగమన్నారు. రెండో రోజుకే జ్వరం, వాంతులు. తాయారు గజ్జలోనూ బిళ్ళ కట్టింది. గురమ్మ కాలీడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"లోపల సస్తన్నాయి కదే, నొప్పెడతాది. ఓర్సుకో."

"నన్ను సూత్తే నీకు రోత లేదేటి అత్తా?"

"నా కాలు సూత్తేనే నాకు రోత. నిన్నేటి అంటాను?"

తాయారు మాత్రలన్నీ మింగింది. లేచి తిరిగాక, ధర్మారావు చెప్పినట్టు రోజూ సబ్బుతో అత్త కాలు కడగడం మొదలెట్టింది. వేళ్ళ సందుల పగుళ్ళలోంచే క్రిములు లోపలికెళ్ళి ఆ జ్వరం తెస్తాయిట. అక్కడ తడి లేకుండా తుడవాలంటే మొహం తిప్పుకుంటే కుదరదు. మడతల్లోంచి జిగట తెల్లగా వేలికి అంటేది. రోజూ రోత పుట్టేది. అది ఏనాడూ పోలేదు.

నెల తిరిగేసరికి వాసన తగ్గింది. జ్వరం ఆర్నెల్లకోసారి వచ్చేది. కాలు మాత్రం అంతే లావు. మరుసటేడు తాయారు నెత్తుట్లో పురుగుల్లేవన్నారు.

ఆ ఏడే గురమ్మ, కాలు మూలంగా ఎనిమిదేళ్ళుగా వెళ్ళని తమ్ముడింటికి, తాయారుని వెంటబెట్టుకుని శృంగవరపుకోట బయల్దేరింది. బస్సులో పక్క సీట్లో ఉన్నావిడ గురమ్మ కాలు చూసి, పెదవి విరిచి, ముక్కు మూసుకుని లేచి వెనక్కెళ్ళింది. అత్త పక్కన ఖాళీ అయిన సీట్లోకి తాయారు జరిగి కూర్చుంది.