రత్న బల్ల మీద మా అత్త కంచం

దయ్యాలనూ గాలి సోకడాలనూ నేను ఎన్నడూ నమ్మలేదు. మా వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం మాత్ర వేసి పడుకోబెట్టమని చెప్పేదాన్ని నేనే. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను. చెప్పేటప్పుడు నా కుళ్ళు కూడా బయటపడుతుంది. పడితే పడనివ్వండి.

మాది నల్లగొండ జిల్లాలో చీరలు నేసే ఊరు. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను చిటికీ కడతాను. అంటే, నూలును రంగులో ముంచే ముందు, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీ చుట్టి బిగించి కట్టడం. ఈ పని నాకు నేర్పింది మా అత్త. ఆమెది ఎడమచేతి వాటం. అందుకే ఆమె చుట్లు మా అందరి చుట్లకూ ఎదురు దిక్కున తిరిగేవి. కట్టిన నూలు చూసి అది ఆమెదో నాదో చెప్పేయవచ్చు.

ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. అన్నం తిన్నాక కూడా, కంచంలో మిగిలిన మిరపకాయకో కరివేపాకు రెమ్మకో ఏదో ఒక పోగు చుట్టి చిటికీ కట్టి పెట్టేది.

ఆమె మంచాన పడ్డాక దవాఖానకు తిప్పింది నేను, ముద్దలు కలిపి తినిపించింది నేను. నా వంట గురించి మాత్రం చివరిదాకా ఒకటే మాట. "ఏదో, తినచ్చు తియ్." నేను పెట్టిన ముద్ద నములుతూనే "నా చిన్నోడు ఏం తింటుండో" అని కలవరించేది.

ఆ చిన్నోడు మా మరిది వేణు. ఇండోనేషియాలో హోటల్ వంటపనికి పోయి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. ఆమె పేరు రత్న. వాళ్ళలో కూడా ఆ పేరు ఉందట. అత్త పోయిన తర్వాతే ఇద్దరూ ఇటు వచ్చారు కాబట్టి రత్న ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. చిట్యాల దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డు వేసి, వాళ్ళ దేశపు వంటల హోటల్ పెట్టారు. నాలుగు బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. అయినా హైదరాబాద్ పిల్లలు కార్లు ఆపుకొని మరీ తింటారు. ఊళ్ళో ఎవరు ఎదురుపడినా "మీ తోటికోడలు చెయ్యి మంచిది" అనేవాళ్ళే. నా కడుపు మండిపోయేది.

ఆ ఏడు పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు పొద్దున్నే ఇంట్లో అత్తకు పెట్టుకున్నాం. పోయినవాళ్ళ ఫొటో ముందు విస్తరి వేసి, అన్నీ వడ్డించి, తలుపు దగ్గరికి వేసి బయట కూర్చుంటాం. వాళ్ళు వచ్చి తినిపోతారని. కాసేపటికి తలుపు తీస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. ఏటా అంతే.

మధ్యాహ్నం వేణు పిలిచాడని నేనూ, మా ఆయనా, మా పాప రమ్యా చిట్యాల పోయాం. ఆ రోజు ఇంటివాళ్ళకే అని హోటల్ మూసి పెట్టారు. అక్కడ పద్ధతి వేరు. అడగకుండానే చిన్న చిన్న పళ్ళేలు బల్ల నిండా పెట్టేస్తారు. నచ్చినవి తినాలి, ముట్టుకోనివి వెనక్కి పోతాయి. అన్నం అరటాకులో పొట్లం కట్టి, అరటినారతో ముడి వేస్తారు. కొబ్బరిపాలలో నల్లబడేదాకా ఉడికించిన మటన్, ఎర్రకారంలో వేయించిన వంకాయ. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, జనం ఊరికే పొగడటం లేదని. అది ఇంకో మంట.

నా పక్కన ఖాళీ కుర్చీ ముందు రత్న ఇంకో కంచం పెట్టింది. అన్నం పొట్లం, ఒక గిన్నెలో మటన్, ఒక గిన్నెలో వంకాయ, అంచున పచ్చిమిరపకాయ.

"అత్తమ్మకు అక్కా. ఇయ్యాల పెడతరట గద" అంది.

"గట్ల మనతోని కలిపి పెట్టరు పిల్లా. పెద్దలకు యేరే పెట్టి తలుపెయ్యాలె" అన్నాను. తప్పు దొరికిందని లోపల సంబరమే.

"ఒక్కతే ఎట్ల తింటదక్కా?"

అత్త బతికున్నన్నాళ్ళూ అందరం తిన్నాక, వంటింటి మూలన ఒక్కతే కూర్చుని తినేది.

తిన్నంతసేపూ ఓరగా ఆ కంచం వైపే చూశాను. పొట్లం ముడి వేసినట్టే ఉంది. లేచి చేతులు కడుక్కున్నాక వేణు అందరినీ బోర్డు కింద ఫొటోకు పిలిచాడు. ఉన్నదే మేం ఐదుగురం, ఐదుగురమూ బయటే ఉన్నాం. వాకిలికి అడ్డంగా నిలబడ్డాం. వెనక తలుపుకు లోపల గొళ్ళెం పెట్టి ఉంది, తర్వాత పోయి చూశాను.

లోపలికి వచ్చేసరికి ఆకు విప్పి ఉంది. అన్నం లేదు. వంకాయ గిన్నె ఊడ్చినట్టుంది. మటన్ ముట్టలేదు. అత్త యాదగిరిగుట్టకు మొక్కుకొని చివరి ఏళ్ళలో నీసు మానేసింది. ఆ సంగతి రత్నకు ఎవరూ చెప్పలేదు. పచ్చిమిరపకాయకు అరటినార బిగించి చుట్టి ఉంది.

మా ఆయన దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూశాడు. చుట్లు ఎదురు దిక్కున తిరిగి ఉన్నాయి. "గిది అమ్మ కట్టిందే" అన్నాడు. మా ఐదుగురిలో ఎడమచేతి వాటం ఎవరికీ లేదు. కోతి వచ్చి తిన్నదనుకుందామన్నా, కోతి చిటికీ కట్టదు కదా.

రత్న కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని "అత్తమ్మకు నచ్చిందా అక్కా?" అని నన్నే అడిగింది.

నిజం చెబుతున్నాను, నాకు భయం వేయలేదు. ఒళ్ళంతా కుళ్ళు. ముఖం కూడా చూడని కోడలి బల్ల దగ్గరికి వచ్చి గిన్నె ఊడ్చి పోతుందా? ఇన్నేళ్ళు నేను పెట్టిన విస్తరిలో ఒక్క మెతుకు కదలలేదే! ఆ మిరపకాయను కొంగున కట్టుకొని తెచ్చి బీరువాలో పెట్టాను. ఎండిపోయింది, ముడి మాత్రం ఊడలేదు.

మరుసటి ఏడు పనుందని చెప్పి చిట్యాలకు ఎవరినీ పోనివ్వలేదు. ఇంట్లోనే నా పక్కన కుర్చీ వేసి, అన్నం ఆకులో పొట్లం కట్టి, అదే వంకాయ వండి పెట్టాను. అందరినీ వాకిట్లోకి లాక్కుపోయి ఫొటో కూడా దిగాం. రమ్య ఒకటే నవ్వు. తిరిగి వచ్చి చూస్తే పొట్లం ముడి వేసింది వేసినట్టే ఉంది.

ఆగలేక రత్నకు ఫోన్ చేశాను. "ఈయేడు పెట్టినవా?" అని ఊరికే అడిగినట్టు అడిగాను.

"పెట్టిన అక్కా. గట్లనే ఉన్నది, ఎవరు తినలే" అంది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో అదే గొంతుతో అంది, "ఈసారి నువ్వు రాలే గద అక్కా. నీ పక్కన కూసోనీకె రావాలె గద ఆమె."

రత్న వంట లేని నా పక్కకూ రాలేదు, నేను లేని రత్న బల్లకూ రాలేదు. ఆ అన్నం ఎవరు తిన్నారో, ఆ ముడి ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చే పెత్రమాసకు చిట్యాల పోతున్నాం. అత్త కుర్చీ నా పక్కనే వేయాలని, ఇంకెవరి పక్కనా వేయొద్దని రత్నకు ఇప్పుడే చెప్పి పెట్టాను.