అత్తయ్య ఫోన్లో నా వంటగదులు

నా ఉద్యోగం వంటగదులు గీయడం. కొత్త ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లు, పాత వంటగది చూసి చూసి విసుగెత్తినవాళ్లు మా ఆఫీసుకు వస్తారు. నేను వాళ్లింటికి వెళ్లి కొలతలు తీసుకుని, స్టవ్ ఎక్కడ రావాలి, సింక్ ఎక్కడ రావాలి, పప్పుల డబ్బాలు ఎక్కడ దాక్కోవాలి అని కంప్యూటర్లో గీసి చూపిస్తాను. ఆఫీసు రెజిమెంటల్ బజార్లో ఒక ప్లైవుడ్ దుకాణం పైన. ఇల్లు యాప్రాల్లో. ఇంట్లో మా ఆయన, మా అత్తయ్య, నేను. మా పుట్టింటివాళ్లది భీమవరం, అత్తవారిది తరతరాలుగా ఇక్కడే. ఊళ్లోవాళ్ల వంటగదులన్నీ గీస్తాను, మా ఇంటి వంటగది మాత్రం బిల్డర్ ఇచ్చిన బండతో, సిమెంటు అరలతో ఎలా ఉన్నది అలాగే ఉండేది. దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

అసలు గొడవంతా మా సార్ ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలకడంతో మొదలైంది. సార్ అంటే మా ఆఫీసు యజమాని. ఆయన దాన్ని తలకిందులు చేసి దులిపారు, డాబా మీద ఎండబెట్టారు, ఇంట్లో బియ్యం డబ్బాలో పాతిపెట్టారు. చివరికి రిపేరు షాపుకు తీసుకెళ్తే, అతను మూత తీసి ఒకసారి చూసి మళ్లీ మూసేశాడట. అందులో ఉన్న డ్రాయింగులన్నీ పోయాయి. మర్నాడు సార్ మమ్మల్నందరినీ నిలబెట్టి ప్రకటించారు.

"ఇగ నుంచి అంతా క్లౌడ్ల పెట్టాలె. ఎవ్వరు సుత ల్యాప్‌టాప్‌ను నమ్మొద్దు. చాయ్ పడ్డా, దొంగలు పడ్డా మన ఫైల్ మనకుండాలె."

సరే, పెట్టాం. నాకది తెగ నచ్చింది కూడా. ఆఫీసులో సగం గీసి వదిలేసిన బొమ్మ ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ తెరిస్తే అక్కడ కూర్చుని ఉండేది. సైటులో ఫోన్‌తో ఫోటో తీస్తే, నేను మెట్లు దిగేలోపు అది ఆఫీసు ఫోల్డర్లో చేరిపోయేది. మారేడ్‌పల్లిలో ఒక డాక్టరమ్మగారి వంటగది పని అప్పుడే మొదలైంది. ఆ పనికి ఒక ఫోల్డర్ తెరిచి, ఫోన్లో తీసే ఫోటోలన్నీ నేరుగా అందులోకే వెళ్లేలా పెట్టుకున్నాను. డాక్టరమ్మగారు క్లినిక్‌లో పేషెంటుకీ పేషెంటుకీ మధ్య చూసుకోవడానికి వీలుగా ఆ ఫోల్డర్ ఆవిడకు కూడా తెరిచి ఉంచాను.

సరిగ్గా అప్పుడే నేను కొత్త ఫోన్ కొన్నాను. పాతది బాగానే పనిచేస్తోంది కదా అని అత్తయ్యకు ఇచ్చాం. అంతకుముందు ఆవిడ దగ్గర బటన్ల ఫోనే ఉండేది. నా నంబర్లు తీసేశాను, నా ఫోటోలు తీసేశాను, తెరను మెత్తటి గుడ్డతో తుడిచాను. అందులో క్లౌడ్ యాప్ ఒకటి నా పేరు మీద ఇంకా నడుస్తోందన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఆ రోజు నుంచి అత్తయ్య ఏ ఫోటో తీసినా మారేడ్‌పల్లి ఫోల్డర్లో పడుతోంది. నేను ఏ బొమ్మ గీసినా అత్తయ్య ఫోన్లో కనబడుతోంది. ఆ విషయం నాకు తెలియదు. ఆవిడకు తెలిసింది సగమే, ఆ సగం కూడా తప్పుగా తెలిసింది.

మొదట మాయమైంది, గది మధ్యలో గట్టు ఉన్న డిజైను. పొద్దున ఫోల్డర్లో చూస్తే లేదు. వెతికితే క్లౌడ్ చెత్తబుట్టలో దొరికింది. పొరపాటున చెయ్యి తగిలి ఉంటుందనుకుని బయటికి తీసి యథాస్థానంలో పెట్టాను. మర్నాడు మళ్లీ చెత్తబుట్టలోనే ఉంది. దానికి తోడు, నిలువెత్తు అలమారా ఉన్న డిజైను కూడా వెళ్లి దాని పక్కన చేరింది. రెండింటినీ తీసి పెట్టాను. మళ్లీ వెళ్లిపోయాయి. నేను తీయడం, అవి వెళ్లడం. కొన్నాళ్లు ఇదే నా దినచర్య అయిపోయింది.

ఎవరు తీసేస్తున్నారో చూద్దామని సార్, నేను ఫోల్డర్ చరిత్ర తెరిచాం. ప్రతిచోటా నా పేరే ఉంది.

"ఏందమ్మా గిది?" అన్నారు సార్. "డిలీట్ చేసింది నువ్వేనని చూపెడుతుంది."

"నేను చేయలేదు సార్."

"మరి నీ పేరు మీద ఎవరు చేస్తరు? ఒక పని చెయ్. పాస్‌వర్డ్ మార్చు. జెర రెస్ట్ సుత తీస్కో."

పాస్‌వర్డ్ మార్చాను. మిగతా ఫోన్లు, కంప్యూటర్ల నుంచి కూడా లాగౌట్ చేయమంటారా అని క్లౌడ్ మర్యాదగానే అడిగింది. ఇంటి ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఇదంతా కొట్టుకోవడం ఎందుకులే అని వద్దన్నాను. రెస్ట్ కూడా తీసుకోలేదు.

ఇంట్లో మా ఆయనకు చెప్పుకున్నాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "నిద్రల నడిచేటోళ్లు ఉంటరు గద. నువ్వు నిద్రల డిలీట్ చేస్తున్నవేమో" అన్నారు.

"పొద్దున పదకొండింటికి డిలీట్ అయ్యాయండీ. ఆ టైములో నేను ఆఫీసులో ఉంటాను."

"నేను సుత గదే చెప్తున్న," అన్నారాయన.

ఇక్కడ నా పరిస్థితి ఇలా ఉంటే, అత్తయ్య ధోరణి పూర్తిగా మారిపోయింది. మామూలుగా ఆవిడకు నా వంటతో పేచీ. నేను పులుసులో బెల్లం వేస్తే, అది కూరా పాయసమా అని అడిగేవారు. అలాంటిది, ఆఫీసు నుంచి రాగానే చేతికి చాయ్ ఇవ్వడం మొదలుపెట్టారు. "బిడ్డా, గింత పని పెట్టుకున్నవ్, జెర కూసో" అంటారు. నేను చేసిన బెల్లం పులుసు రెండోసారి వడ్డించుకున్నారు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఏమీ ఎరగనట్టు అడిగారు.

"సింక్ కిటికీ కింద ఉంటే మంచిగుంటదా, పక్కకుంటే మంచిగుంటదా?"

నా పని మీద ఇన్నాళ్లకు ఆవిడకు ఆసక్తి పుట్టిందని మురిసిపోయాను. "కిటికీ కిందే బాగుంటుందత్తయ్యా. వెలుతురు ఉంటుంది కదా."

"నేను సుత గదే అనుకున్న," అని తృప్తిగా తలాడించి లేచి వెళ్లారు.

మర్నాటికల్లా సింక్‌ను పక్కకు పెట్టిన డిజైన్లన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి.

వంటింటి అరల మీద పెద్ద పెద్ద ఇత్తడి గుండిలు ఉండేవి, పెళ్లిళ్ల వంటలకు తప్ప దించనివి. అవి ఒక్కొక్కటే కనబడకుండా పోవడం కూడా గమనించాను. అడిగితే, "ఇగ గవి ఎందుకు, మా ఆడిబిడ్డకు ఇచ్చిన" అన్నారు, పెద్ద త్యాగం చేసినట్టు కాక, ఏదో రహస్యం దాచుకున్నట్టు నవ్వుతూ. నేను దాని గురించి ఆలోచించే స్థితిలో లేను. నిజంగానే ఆఫీసులో నిద్రపోతున్నానేమో అని నా మీద నాకే అనుమానం వచ్చి, కంప్యూటర్ ముందు కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంటున్నాను.

అప్పుడు డాక్టరమ్మగారి ఫోన్ వచ్చింది. మంచి హుషారుగా ఉన్నారు.

"మీరు పెట్టిన కలర్ రిఫరెన్స్ చూశానండీ. ఎక్సలెంట్!"

నేను రంగుల ఫోటోలేవీ పెట్టలేదు. అయినా క్లయింటు ఎక్సలెంట్ అన్నాక అడ్డం చెప్పడం మా వృత్తిలో లేదు. "థాంక్యూ అండీ" అన్నాను.

"ఆ వంకాయల ఫోటో ఉంది చూడండి, ఆ షేడ్ నాకు భలే నచ్చింది. ఆ మెరుపు కూడా అలాగే రావాలి. కలర్ కార్డులు చూపించకుండా కూరగాయలు చూపించారు, ఇంత క్రియేటివ్‌గా ఆలోచిస్తారనుకోలేదు. ఆ సొరకాయ గ్రీన్ మాత్రం వద్దండీ, మా హాస్పిటల్ కర్టెన్లు గుర్తొస్తున్నాయి."

"అలాగేనండీ, సొరకాయ తీసేద్దాం" అని ఫోన్ పెట్టేసి, ఫోల్డర్ తెరిచాను.

డిజైన్ల వెంట పడి ఇన్నాళ్లూ అందులోని ఫోటోల వైపు చూడనేలేదు. మోండా మార్కెట్ అంతా అందులో ఉంది. నిగనిగలాడే వంకాయల కుప్ప, టమాటాలు, సొరకాయ ఒక్కటే దర్జాగా నిలువునా, ఆకుకూరల కట్టలు, వెళ్లిపోతున్న బస్సు వెనక భాగం, మసకగా ఎవరిదో చెప్పు. వంకాయల ఫోటోలో ఒక మూలకు బొటనవేలు పడింది. ఎక్కడో చూసిన వేలే అనిపించింది. నేను చూస్తుండగానే ఇంకో ఫోటో వచ్చి పడింది. అందులో ఒక నుదురు, సగం బొట్టు, వెనకాల మా వంటింటి సిమెంటు అర.

సార్‌కు చెప్పి ఆటో ఎక్కి ఇంటికి వెళ్లాను. అత్తయ్య వంటింట్లో కింద కూర్చుని ఉన్నారు. చుట్టూ గిన్నెలు, డబ్బాలు, మూతలు గుట్టలుగా పోసుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని ఫోన్ మీద వేలు నొక్కుతున్నారు. మధ్యలో గట్టు ఉన్న డిజైను. నా కళ్ల ముందే చెత్తబుట్టలోకి వెళ్లిపోయింది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

ఉలిక్కిపడి తలెత్తారు. తరవాత సిగ్గుపడుతూ నవ్వారు. "దొరికిపోయిన పో. మీ ఇద్దరు నాకు చెప్పకుంట చేద్దామనుకున్నరు గద? నాకు ఎప్పుడో ఎరుకైంది."

"ఏం చేద్దామనుకున్నాం?"

"కొత్త వంటిల్లు. చెప్పకుంట చెప్పినట్టు నువ్వు రోజు ఫోన్ల పంపుతనే ఉన్నవ్ గద. నచ్చనియి నేను తీసేస్తున్న. నువ్వు మళ్ల పంపుతున్నవ్, నేను మళ్ల తీసేస్తున్న. నీకు సుత మస్తు ఓపికనే బిడ్డా." కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించారు. "ఒక్కటే తక్లీఫ్. గా నడిమిట్ల గట్టేందే? దాని చుట్టు తిరుక్కుంట పప్పు చెయ్యాల్నా? గుడిల ప్రదక్షిణ చేసినట్టు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కింద కూర్చున్నాను, డబ్బాల మధ్య. ఫోన్ సంగతి, క్లౌడ్ సంగతి, మారేడ్‌పల్లి సంగతి నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పాను. ఆవిడ ముఖంలో నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకు కనబడింది.

"అంటే గివన్ని ఎవరియో వంటిండ్లా?"

"అవునత్తయ్యా."

"మనది గాదు."

"కాదు."

ఆవిడ ఒక మూత తీసుకుని దానికి సరిపోని డబ్బాకు పెట్టడానికి ప్రయత్నించారు. "మరి గుండిలన్ని ఇచ్చేస్తిని గద," అన్నారు చివరికి. "మా ఆడిబిడ్డకు చెప్పిన. పక్కింటామెకు చెప్పిన. మోండా మార్కెట్ల నిమ్మకాయలామెకు సుత చెప్పిన."

సాయంత్రం మా ఆయన వచ్చి విషయం విని, గోడ పట్టుకుని మరీ నవ్వారు. "నవ్వకురా," అన్నారు అత్తయ్య. "పెండ్లాం నిద్రల డిలీట్ చేస్తదన్నోనివి నువ్వే గద. మస్తు తెలివి." ఆయన నవ్వు ఆపేశారు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆవిడ బెల్లం పులుసు గిన్నెను తిట్టకుండానే పక్కకు జరిపారు. అది నాకు మరీ కష్టంగా అనిపించింది. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్లుగా ఊరంతా తిరిగి, మీకు స్టవ్ ఏ ఎత్తులో ఉంటే నడుం నొప్పి పుట్టదు అని ప్రతి ఇంటి ఇల్లాలినీ అడిగాను. ఈవిడను ఎప్పుడూ అడగలేదు. మర్నాడు సెలవు. పొద్దున్నే టేపు తెచ్చి ఒక కొస ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇదేందే?"

"పట్టుకోండి అత్తయ్యా. మారేడ్‌పల్లి కొలతలు మనింటికి సరిపోవు."

ఆవిడ టేపు కొసను గోడకు అదిమి పట్టుకున్నారు. ఎంత గట్టిగా అంటే, కొలత అయిపోయాక వదలమన్నా వదల్లేదు. కిటికీ కింద సింక్ అని ముందే చెప్పేశారు. అక్కడి నుంచి మొదలు, నా ఉద్యోగంలో అంత కఠినమైన క్లయింటు తగల్లేదు. చిమ్నీ వద్దన్నారు. "పోపు వాసన బయటికి తోలేస్తే పక్కింటోళ్లు తినాలె, మనం ఏం తినాలె?" అరలకు అద్దాల తలుపులు వద్దన్నారు, వచ్చినోళ్లకు మన జంతికలు కనబడతాయని. పాత ఫోన్లోంచి నా పేరు అప్పటికే తీసేశాను కాబట్టి, డ్రాయింగులు కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చాను. నచ్చనివాటి మీద ఆవిడ పాలకూర కట్టలు పెట్టి తడిపేశారు.

డాక్టరమ్మగారి వంటగది వంకాయ రంగులోనే తయారైంది. నిజం చెప్పాలంటే బాగుంది. ఆవిడ చాలామందికి చూపించారు. మా సార్ అది చూసి నన్ను పిలిచి, "మంచిగ నడుస్తుందమ్మా గీ కూరగాయల ఐడియా. కాకరకాయ కలర్ల ఏమన్న షురూ చేద్దామా?" అని చాలా గంభీరంగా అడిగారు. ఆలోచిస్తానన్నాను.

మా వంటగది పని జరిగినన్నాళ్లూ స్టవ్ బాల్కనీలో పెట్టుకుని వండుకున్నాం. చివరికి వడ్రంగులు వెళ్లిపోయారు. ఆ పూట అత్తయ్య కొత్త స్టవ్ మీద పాలు పొంగించారు. ఆ తరవాత కింది డ్రాయరు ఒకటి బయటికి లాగి, బలంగా ఒక తోపు తోశారు. అది సగం దాకా దూసుకెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మెల్లగా, చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంది. ఆవిడ వంగి దాన్ని చూశారు. మళ్లీ లాగారు, మళ్లీ తోశారు. గంట గడిచేసరికి పక్కింటామె, అత్తయ్య ఆడపడుచు, పైఅంతస్తువాళ్లు మా వంటింట్లో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ వచ్చి డ్రాయరు తోస్తున్నారు. అత్తయ్య పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "ఆగు, చెయ్యి పెట్టకు. జెర సేపు చూడు, దానంతట అదే పోతది" అని ప్రతి ఒక్కరికీ చెబుతున్నారు.