బావగారి ముందు కుర్చీ

నన్ను డైరెక్టర్ని చేసిన రోజున బోర్డు గదిలో నాకూ ఒక కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. తలుపు పక్కన నిలబడ్డాను.

తరాల కిందట తమిళనాడులో స్థిరపడ్డ మా తెలుగు ఇళ్ళల్లో, భర్త అన్నగారి ఎదుట తమ్ముడి భార్య కూర్చోకూడదు. కయత్తారు నుంచి వచ్చే బస్సులో బావగారు ఎక్కితే చాలు, నేను సీటు వదిలి లేచేదాన్ని. ఆ సీట్లో ఎవడో బీడీ కాల్చుకునేవాడు కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. కోవిల్‌పట్టిలో మా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆ అన్నదమ్ములిద్దరిదీ. నా భర్త పోయాక ఆయన వాటా నాకు వచ్చింది. ఆ తర్వాత, తొంభైల మధ్యలో, యంత్రాలు కొనడానికి విరుదునగర్ వ్యాపారి ఒకాయన పెట్టుబడి పెట్టాడు. దాంతో కంపెనీలో బావగారికి, నాకు, ఆయనకు సమానంగా మూడు వాటాలయ్యాయి. ఛైర్మన్ మాత్రం బావగారే.

బోర్డులో ఒక ఆడమనిషి ఉండటమంటే ఆ వ్యాపారికి మహా ముచ్చట. షెడ్డులో పుల్లలు పేర్చేదీ పెట్టెలు అంటించేదీ ఆడవాళ్ళేనని, పైన కూడా ఒక ఆడమనిషి ఉండటం ఎంతో న్యాయమని తమిళంలో ఉపన్యాసం ఇచ్చి, నన్ను కూర్చోమన్నాడు. నేను బావగారి వంక చూశాను.

ఆయన మొహాన నవ్వు చెదరకుండా తెలుగులో, "అక్కడ్నే నిలుసుకో. కాళ్ళేం ఇరిగిపోవు" అన్నాడు. వెంటనే అటు తిరిగి తమిళంలో, మా ఇంటి ఆడవాళ్ళకు మర్యాద ఎక్కువని, చెప్పినా కూర్చోరని అన్నాడు. తెలుగు రాని ఆ పెద్దమనిషి మురిసిపోయి నాకు దండం పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అలా ఏళ్ళ తరబడి నిలబడ్డాను. బావగారు గొంతు సవరించుకుంటే ఆయన మాటకు ఓటుగా నేను చెయ్యి ఎత్తాలి, ఎత్తేదాన్ని. కాఫీ కూడా నేనే అందించేదాన్ని. అందులో ఉమ్మెయ్యాలని ఎన్నిసార్లు అనిపించిందో!

అంతా నా కూతురి కోసం ఓర్చుకున్నాను. అది విరుదునగర్ కాలేజీలో బీకాం చదివింది. వాళ్ళ నాన్న చోటు దానికి దక్కాలి, నాకు కావలసింది అంతే. రెండువేల సంవత్సరం దాటాక ఒక మీటింగులో బావగారు, నన్ను తీసేసి తన కొడుకును డైరెక్టర్ని చేద్దామన్నాడు. పదో తరగతి తప్పి బుల్లెట్ బండి మీద ఊరేగుతున్న సుపుత్రుడు వాడు.

"నా కూతురు ఉండాది గదా, బావగారూ" అన్నాను. ఆ గదిలో నేను నోరు విప్పడం అదే మొదలు.

"ఆడపిల్ల ఇంకొకరింటికి పొయ్యేది. దానికెందుకు ఫ్యాక్టరీ? నీకు బియ్యం పంపిస్తానే ఉండాము గదా, తిని ఇంట్లో కూచో" అన్నాడు.

అన్నేళ్ళలో ఆయన నన్ను కూర్చోమన్నది అదొక్కసారే.

బావగారు గొంతు సవరించుకున్నాడు. నేను చెయ్యి ఎత్తలేదు. ఆయన మాటలన్నీ పొల్లుపోకుండా తమిళంలో వ్యాపారికి చెప్పి, ఛైర్మన్ని మారుద్దామన్నాను. వ్యాపారి చెయ్యి చప్పున లేచింది. న్యాయం కోసం కాదులెండి, ఆ పదవి మీద ఆయనకు ఎప్పటి నుంచో కన్నుంది. అలా ఆయన ఛైర్మన్ అయ్యాడు, నా కూతురు కూడా డైరెక్టర్ అయింది. బావగారు ఉత్త డైరెక్టర్‌గా మిగిలాడు.

తర్వాతి మీటింగు రోజు పొద్దున్నే ఆ గదిలోంచి ఒక కుర్చీ తీయించి షెడ్డుకు పంపించేశాను. బావగారు మోకాళ్ళు పట్టుకుంటూ మేడ ఎక్కి వచ్చి తలుపు దగ్గర ఆగాడు. నా కూతురు లేవబోయింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. వ్యాపారి కంగారుపడి, ఆయనకు కుర్చీ తెప్పించమన్నాడు. బావగారు నా వంక చూశాడు.

"అక్కడ్నే నిలుసుకోండి, బావగారూ" అన్నాను తెలుగులో. తమిళంలో వ్యాపారికి మా ఇంట్లో మర్యాద ఎక్కువని చెప్పాను.

ఆయనకు నోరు తెరిచి కుర్చీ అడిగే అలవాటు లేదు. నిలబడ్డాడు. కాళ్ళు వణకడం అందరికీ కనపడుతోంది. నా కూతురు తల వంచుకుని, "చాలమ్మా" అని గొణిగింది. ఆ రోజు మాట్లాడవలసింది పెద్దగా ఏమీ లేదు. అయినా మధ్యాహ్నం దాకా మీటింగు ముగించనివ్వలేదు.