అత్తమ్మ తిట్టని పొద్దు

మా అత్తమ్మ తిట్టకపోతే మా ఇంట్లో తెల్లవారినట్టు కాదు. నారాయణపేటలో మాది నేతపని ఇల్లు. పొద్దున్నే మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఆమె చేతులు చీర నేస్తాయి, నోరు నన్ను ఏకుతుంది.

"గిదేం చాయ్, బియ్యం కడిగిన నీళ్లలెక్క? చారుల ఉప్పు యాడికి పోయింది, నీ తల్లిగారింటికా?"

పెళ్లయిన కొత్తలో ఏడ్చేదాన్ని. నాకు జ్వరం వస్తే తల దగ్గర నుంచి లేవని మనిషి కూడా ఆమేనని తర్వాత తెలిసింది.

ఒక్క విషయంలో మాత్రం నేనే ఆమెను తిట్టేదాన్ని. పగటిపూట ఆమె నీళ్లు తాగదు. అత్తా ఒకింటి కోడలే కదా! ఆమె కోడలిగా వచ్చిన నాడు ఈ ఇంట్లో మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు పొద్దు పొడవకముందు గానీ, చీకటి పడ్డాక గానీ బయటికి వెళ్లాలి. మధ్యలో అవసరం రాకూడదంటే గొంతు ఎండబెట్టుకోవడమే మార్గం. తెలంగాణ వచ్చాక పెరట్లో మరుగుదొడ్డి కట్టించాం, నల్లా పెట్టించాం. అలవాటు మాత్రం పోలేదు. నీళ్ల చెంబు పక్కన పెడితే "మాటిమాటికి లేస్తే మగ్గం మీంచి చీరెప్పుడు దిగుతది?" అనేది.

అప్పుడప్పుడు మూత్రంలో మంట వచ్చేది. "వేడి చేసింది" అని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగేది. దవాఖానకు పోదామంటే, "మంట పోయింది, ఇంగేం రోగం?" అనేది. నేనూ సరేననుకునేదాన్ని.

ఒక ఎండాకాలం పొద్దున పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. ఆమె మాట్లాడకుండా తినేసి, మగ్గం ముందు కూర్చుని దారాల వంక చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నన్ను మా ఇంటికాడ తోలియ్యి" అంది. మా ఆయన్ని కేకేశాను.

"వయసు మీద పడ్డది, మతిమరుపు" అన్నాడు మా ఆయన.

"తన పేరన్న మర్సిపోతదేమో గని నన్ను తిట్టుడు మర్వదు. కారు మాట్లాడు" అన్నాను.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ మూత్రం, రక్తం పరీక్ష చేయించింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ మొదలై కిడ్నీ దాకా ఎక్కిందట.

"మంట లేదు, జరం లేదు గద మేడం?" అన్నాను.

"గదే తిప్పలమ్మా. మన ఒంట్ల పుట్టుకతోనే కాపలా ఉంటది. క్రిమి చొరబడంగనే లేచి కొట్లాడుతది. ఆ కొట్లాటతోనే మంట, నొప్పి, జరం. పెద్దవయసుల, అండ్ల షుగర్ ఉంటే, ఆ కాపలా సరిగ లేవకపోవచ్చు. ఒక్కోపారి ఆలస్యంగ లేచి, ఆగక, సొంత ఒంటినే కాలుస్తది. పెద్దమ్మకు మంట తెల్వలే, మతి తప్పింది."

"బతుకుతదా?"

"మందు ఎక్కిస్తున్నం. రేపటిదాక ఏం చెప్పలేం."

ఇన్నేళ్లూ మంట పోతే రోగం పోయినట్టే అనుకున్నాం. ఆమె నోరు వినపడని ఇంటిని తలచుకుంటే నాకు దుఃఖం ఆగలేదు. నన్ను అంత శ్రద్ధగా తిట్టేవాళ్లు ఇంకెవరున్నారు?

మర్నాడు మధ్యాహ్నం జావ కలిపి చెంచాతో నోటికి అందించాను. ఒక గుటక మింగి, కళ్లు తెరిచి, నా మొహంలోకి సూటిగా చూసింది.

"గిట్లనా జావ కాసేది? అన్ని ఉండలే! నీ తల్లి నీకేం నేర్పిందే?"

పక్క మంచం ఆవిడ నా వైపు జాలిగా చూసింది. మా ఆయన "ఊకోయే అమ్మా" అనబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "తిట్టనియ్యి" అన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాను.

"ఏడుపెందుకే? గొంతు ఎండిపోతాంది, నీళ్లియ్యి."

పట్టపగలు ఆమె నీళ్లడగడం నేనెప్పుడూ వినలేదు. గ్లాసు నిండా పోసిచ్చాను. చివరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"తాపినవ్ గద, ఇంగ లేపి తీస్కపోయేది గూడ నువ్వే" అంది.

"దా అత్తమ్మా" అని చెయ్యి అందించాను.