మొక్కుమేక అరుపు

దయ్యాల ఊసెత్తితే మా అత్తను ఆటపట్టించేదాన్ని నేనే. ఇప్పటికీ నమ్మను. కానీ తొంభైల మొదట్లో, సిద్దిపేటలో మా ఇంట్లో జరిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

మా బిడ్డ సుజాతకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఉన్నట్టుండి మీదపడి కొరికేది, తల గోడకేసి కొట్టుకునేది. హైదరాబాద్‌లో మానసిక వైద్యుడు మందులు రాశాడు. వేసుకుంటే మొద్దునిద్ర. అసలే గురక, ఆ నిద్రలో ఊపిరే ఆగిపోయేది. ఛాతీ ఎగిసిపడేది గానీ గాలి లోపలికి పోయేది కాదు. కుదిపి లేపాలి. మందు మానేస్తే ఆ కోపం, వేస్తే ఈ గండం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బిడ్డకు నయం కావాలని అత్త పోచమ్మ తల్లికి యాటను మొక్కింది. ఓ మేకపోతును తెచ్చి వాకిట్లో కట్టేసింది.

ఆకలికి అరిచే అరుపు వేరు. ఆ మేక ఒక్కోసారి పొడుగ్గా ఒకే అరుపు అరిచేది. వెళ్లి చూస్తే బిడ్డకు ఊపిరి ఆగి ఉండేది. కాకతాళీయం అనుకుని మేకను పెరట్లోకి మార్చాను. అక్కడా అంతే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అరుపును నమ్ముకునే వంట చేసుకునేదాన్ని.

చివరికి ఇంకో డాక్టరు గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక కండ పెరిగి దారి మూసుకుపోయిందన్నాడు. ఆపరేషన్ చేసి తీసేశారు. కోపం పూర్తిగా పోలేదు, మందులూ ఆగలేదు. కానీ నిద్రలో ఊపిరి సాఫీగా ఆడింది. పక్కన కూర్చుని తనివితీరా ఏడ్చాను.

అయినా మేక అరుపు ఆగలేదు. సెలవు రోజున మధ్యాహ్నం తండ్రీబిడ్డా చాప మీద పడుకుంటే అదే పొడుగాటి అరుపు. ఉరుక్కుంటూ వెళ్లి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. బాగానే ఉండేది.

"మొక్కు జెల్లియ్యకుంటే తల్లి ఊకుంటదా?" అంది అత్త.

"ఆకలైతే అరుస్తది, గంతే," అని మా ఆయన అటు తిరిగి పడుకునేవాడు.

బోనాలకు యాటను కోశారు. వద్దనాలనిపించింది. ఏ కారణం చెప్పను? దేవతకు మొక్కింది ఆపే నోరు కోడలికి ఎక్కడిది?

ఆ తర్వాతి ఆదివారం తిని తండ్రీబిడ్డా పడుకున్నారు. సాయంత్రం చాయ్ పెట్టి లేపితే బిడ్డ లేచింది. ఆయన లేవలేదు.

నిద్రలోనే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. గురక పెట్టేవాడా అని అడిగాడు. పెట్టేవాడు, ఏ ఇంట్లో మగవాళ్లు పెట్టరు?

మేకకు ఏం తెలుసో, అసలేమైనా తెలుసో, నేటికీ తేల్చుకోలేకపోయాను. చాప మీద ఇద్దరు పడుకుంటే, నేను వేలు పెట్టి చూసింది ఒక్కరి ముక్కు దగ్గరే.