గడ్డానికి మైనం కాచిన నెలలు

మూడోసారి నాకు నెల తప్పిందని తెలిసిన సాయంత్రమే మా అత్తమ్మ, పెరట్లో అద్దం పక్కన ఉండే మా ఆయన రేజరూ బ్రష్షూ తీసి పూజగదిలో పైఅర మీద దాచేసింది. మర్నాడు పొద్దున ఆయన భుజాన తువ్వాలు వేసుకుని వెతుక్కుంటుంటే, "కాన్పయ్యేదాక దాని జోలికి పోకు బిడ్డా" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

గర్భిణి భర్త క్షౌరం చేయించుకోకూడదన్నది మా వాళ్ళలో ఉన్న ఆచారమే. కాకపోతే ఆరో నెల నుంచో ఏడో నెల నుంచో పాటిస్తారు. మొదటి రెండుసార్లూ మేమూ అలాగే అనుకున్నాం. కానీ అంతదాకా రానేలేదు, కడుపు నిలవలేదు. రెండోసారి పోయినప్పుడు చూడవచ్చిన చుట్టాల్లో ఒకావిడ, మంచం మీద ఉన్న నాకు వినపడేలాగే, "పిలగాడు ముందురోజే నున్నగ గీక్కొని తిరిగిండు గద" అంది. ఆ మాట మా అత్తమ్మ మనసులో దిగిపోయింది. నిజం చెప్పాలంటే నా మనసులో కూడా.

మాకు రాష్ట్రం సరిహద్దు అవతల, అడవి మధ్య ఉన్న దోర్నపాల్‌లో రోడ్డు మీదే దుకాణం. ముందు గదిలో ఉప్పు, పప్పు, సబ్బులు. వెనక గోదాములో చింతపండు, ఇప్పగింజలు, అడవి తేనెపట్ల మైనం. మామయ్య పోయాక దుకాణం అత్తమ్మే చూసుకునేది. కొనేవాళ్ళతో హిందీలోనో గోండీలోనో బేరమాడుతూ, మధ్యలో తల తిప్పి మాతో తెలుగులో మాట్లాడేది. మా ఆయన పికప్‌లో సరుకు వేసుకుని సంతలకు తిరిగేవాడు. భేజ్జి వైపు ఒకరోజు, ఏళ్ళ తరబడి మూసి ఉన్న రోడ్డు మళ్ళీ తెరుచుకున్నాక జగర్‌గుండా వైపు ఒకరోజు. నన్ను మాత్రం డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మంచం మీద పడుకుని ఆయన గడ్డం పెరగడం చూడటమే నా పని అయింది.

ఎండలు ముదిరేసరికి గడ్డం దట్టంగా పెరిగింది. దారంతా ఎర్రదుమ్ము. మొహానికి గంఛా తువ్వాలు చుట్టుకున్నా దుమ్ము లోపలికి పోయి, చెమటతో కలిసి, చర్మానికి అంటుకుపోయేది. మొదట దురద. తర్వాత తెల్లటి పొట్టు రాలడం. అన్నం తింటూ గోక్కునేవాడు, మాట్లాడుతూ గోక్కునేవాడు, నిద్రలో కూడా. ఒకరోజు దిండు గలీబు మీద రక్తపు చారలు కనిపించాయి. దానికి తోడు దారిలో బండ్లు ఆపి తనిఖీ చేసే నాకాల దగ్గర ఇబ్బంది. ఆధార్ కార్డులో ఫోటో నున్నటి మొహం. ఎదురుగా ఉన్నది గడ్డం మనిషి. కొత్తగా వచ్చిన జవాన్లు ఎవరైనా ఉంటే బండి పక్కన పెట్టించి, సరుకు మొత్తం దింపించి, ఎవరో తెలిసినవాళ్ళు వచ్చి చెప్పేదాకా నిలబెట్టేవాళ్ళు. ఆయన ఇంటికి వచ్చేదాకా నేను గుమ్మం వైపే చూస్తుండేదాన్ని.

ఆస్పత్రిలో చూపిస్తే డాక్టరు, "దాఢీ సాఫ్ కర్నా పడేగా" అన్నాడు. గడ్డం తీసేస్తే తప్ప తగ్గదని. ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్తమ్మ మొహం పాలిపోయింది.

"డాక్టరుకేం తెలుసురా మనింటి సంగతి? రెండు పాణాలు పోయినయి."

"అమ్మా, గడ్డానికీ దానికీ ఏంది సంబంధం?"

"ఏం లేకపోతే మంచిదే. ఉంటే? నీ పెండ్లాన్నే అడుగు. ఆమె తీసెయ్యిమంటే తీసెయ్యి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. తీసెయ్యండి అంటే, రేపు ఏదైనా జరిగితే ఆ మాట జన్మంతా నా మెడకు చుట్టుకుంటుంది. వద్దంటే, ఎదురుగా ఆయన చెంప మీద రక్తం ఆరుతూ కనిపిస్తోంది. "కొన్నాళ్ళు ఆగి చూద్దాం" అని మాత్రం అనగలిగాను. ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

ఆ ఆగడానికి దారి వెతుక్కుంటూ ఫోనులో చూస్తుంటే గడ్డానికి రాసుకునే బామ్ ఇంట్లో చేసుకునే వీడియో ఒకటి దొరికింది. తేనెమైనం, ఏవేవో విదేశీ నూనెలు, షియా వెన్న. అవి కరిగించి, కలిపి, డబ్బాలో పోసుకోవాలట. వెంట్రుక మెత్తబడుతుంది, చర్మం పొడిబారదు, దుమ్ము లోపలికి దిగదు అంటున్నాడు అందులోని కుర్రవాడు. ఆ వెన్న పేరు మా బజారులో ఎవరూ విని ఉండరు. కానీ మైనం మా గోదాములోనే ఉంది. వెన్నకు బదులు ఇప్పనూనె గుర్తొచ్చింది. అది చలికి నెయ్యిలా పేరుకుంటుంది, అరచేతిలో వేసుకుంటే కరుగుతుంది. చలికాలంలో మడమలు పగిలితే ఇక్కడ అందరూ రాసుకునేది అదే.

మొదటిసారి నేను చెప్పింది చెప్పినట్టు ఆయనే చేశాడు. మైనం ముద్ద తరిగి, నూనెలో వేసి, పొయ్యి మీద కరిగించాడు. ఎంత మైనం, ఎంత నూనె అన్న లెక్క మా ఇద్దరికీ లేదు. వడగట్టాలని కూడా తోచలేదు. చల్లారాక చూస్తే అందులో తేనెటీగల కాళ్ళు, రెక్కల ముక్కలు. అయినా ఆశ కొద్దీ మర్నాడు అది దట్టంగా పట్టించుకుని భేజ్జి సంతకు వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చిన మనిషిని చూసి నాకు ఏడుపొచ్చింది. దారిలోని దుమ్మంతా ఆ మైనానికి అంటుకుని, గడ్డం ఎండిన మట్టిపెళ్ళలా గట్టిపడింది. వేడినీళ్ళు, సబ్బు పెట్టి రుద్దితే వెంట్రుకలతో పాటు చర్మం కూడా లేచింది.

"ఇది గడ్డానికి మందా, తలుపులకు పెట్టే లప్పమా?" అన్నాడు కోపంగా. ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదలు.

నాలుగు రోజులయ్యేసరికి దవడ కింద పొక్కులు లేచి చీము పట్టాయి. తినడానికి నోరు తెరవలేకపోతున్నాడు. ఒకరోజు పొద్దున జగర్‌గుండాకు బయల్దేరుతూ, అత్తమ్మ వినకుండా నాతో మెల్లగా అన్నాడు.

"ఇంక నాతోటి కాదే. దారిల సెలూన్ కాడ ఆగి తీయించుకొనే పోత. నువ్వేం మనసుల పెట్టుకోకు."

నేను ఏదో అనేలోపే పికప్ కదిలిపోయింది. వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. ఆ రోడ్డు మీద ఊరు దాటితే సిగ్నలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మంచం మీద ఉండలేకపోయాను. అప్పటికే గడ్డం పోయి ఉంటుందని ఒక మనసు. పోకపోతే, సాయంత్రానికి కొంచెం మంచి మందు తయారుచేసి పెడితే ఆగుతాడేమో అని ఇంకో మనసు. అత్తమ్మ దుకాణంలో ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, స్టీలు గిన్నెలో మైనం, ఇప్పనూనె వేసి నేరుగా గ్యాసు మీద పెట్టాను. ఈసారి వడగట్టాలని పాత నూలు చీర ముక్క కోసం గదిలోకి వెళ్ళాను. వంగి ట్రంకుపెట్టెలో వెతుకుతుంటే వాసన మారింది. వచ్చి చూసేసరికి వంటిల్లంతా పొగ. గిన్నెలో నుంచి మంట భగ్గున లేచింది.

నేను నీళ్ళ చెంబు అందుకున్నాను.

"నీళ్ళు పొయ్యకు! పొయ్యకు పిల్లా!"

అత్తమ్మ ఎప్పుడు వచ్చిందో తెలియదు. నన్ను భుజం పట్టి వెనక్కి లాగి, చపాతీ పెనం తీసి గిన్నె మీద బోర్లించింది. మరో చేత్తో గ్యాసు కట్టేసింది. పెనం అంచుల నుంచి మంట నాలుకలు కాసేపు బయటికొచ్చి, అణిగిపోయాయి. ఆమె మోచేతి దగ్గర చర్మం ఎర్రగా కమిలింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు పొత్తికడుపులో సన్నగా మెలిపెట్టినట్టయింది. ఆ నొప్పి నాకు తెలుసు. అంతకుముందు రెండుసార్లు వచ్చిన నొప్పే.

నా మొహం చూసి అత్తమ్మకు అర్థమైంది. దుకాణం తలుపులు కూడా వెయ్యకుండా, పక్కింటివాళ్ళను చూస్తుండమని కేకేసి, ఆటో పిలిచి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారంతా నా చేయి గట్టిగా పట్టుకుంది. నర్సు దీదీ నన్ను పడుకోబెట్టి, గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం కడుపు మీద పెట్టి జరుపుతూ పోయింది. గరగర తప్ప ఏమీ లేదు. ఇంకొంచెం పక్కకు జరిపింది. గరగరే. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ కిందికి జరిపినప్పుడు, ఒక్కసారిగా, గుర్రం పరిగెత్తుతున్నట్టు చప్పుడు.

"హై, బచ్చా ఠీక్ హై" అంది దీదీ, బిడ్డ బాగానే ఉందని.

సూది వేసి, సాయంత్రం దాకా కదలొద్దని పడుకోబెట్టారు. అత్తమ్మ మంచం పక్క బల్ల మీద కూర్చుంది. కాలిన మోచేతికి మందు రాయించుకోమంటే వినలేదు. నన్ను చూడకుండానే మొదలుపెట్టింది.

"ఆ గిన్నెల ఏందో కాస్తున్నవ్, వాడి కోసమేనా?"

"ఊఁ."

"వాడు పొద్దున నీకు చెప్పింది నేను విన్న. తలుపు చాటుకే ఉన్న."

నేను ఉలిక్కిపడ్డాను. "మరి ఆపలేదేం అత్తమ్మా?"

"ఎట్ల ఆపుత? మొహం అంత చీము పట్టి ఉన్నది. నా కడుపున పుట్టినోడు గాదా?" ఆమె కాలిన మోచేతిని ఒళ్ళో పెట్టుకుంది. "నాకూ వాడికన్న ముందు ఒక పిల్ల కడుపులనే పోయింది. మీకెవ్వరికీ తెల్వదు. మీ మామ గడ్డం తియ్యలేదప్పుడు. అన్నీ పాటించిండు. అయినా పోయింది. గడ్డంతోటి పాణం నిలుస్తదని నేననుకుంటలేను బిడ్డా. ఊకె కూసొని చూడాలంటే భయమయితది. ఏదన్న ఒకటి చేతుల ఉండాలె."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

పొద్దు వాలుతుండగా మా ఆయన వచ్చాడు. ఎవరో చెబితే పికప్‌ను రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కళ్ళ కింది నుంచి గొంతు దాకా గంఛా చుట్టి ఉంది. వస్తూనే నన్ను, నా కడుపును చూసి, "ఏమైంది? ఏమైందే?" అంటున్నాడు. నేను మాత్రం ఆ గంఛానే చూస్తున్నాను. దాని కింద ఏముందో తెలియడం లేదు. అత్తమ్మ కూడా అదే చూస్తోంది. బాగానే ఉంది, గుండె కొట్టుకుంటోంది అని చెప్పాక ఆయన మంచం అంచున కూలబడి గంఛా విప్పాడు.

గడ్డం ఉంది.

"కుర్చీల కూసున్న. మెడకు గుడ్డ కట్టిండు. కత్తి మొహం దాక వచ్చింది" అన్నాడు నేల చూపులతో. "అడ్డం చెయ్యి పెట్టిన. లేచి వచ్చేసిన."

ఆయన కూడా నమ్ముతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. నమ్మడం లేదని మా ఇద్దరి ముందూ అంటూ, లోపల ఒక్కడే భయపడుతున్నాడు. అత్తమ్మ లేచి ఆయన గడ్డం కింద చేయి పెట్టి మొహం వెలుతురుకు తిప్పింది. పొక్కులు చిట్లి మెడ మీదికి కారుతున్నాయి.

"తీసెయ్ బిడ్డా. నేను చెప్తున్న గద, తీసెయ్" అంది.

"వద్దమ్మా."

"అట్లయితే కత్తెరతోటి కురచగ చేయించు. కత్తెరకు దోషం లేదు."

ఆ మినహాయింపు ఏ శాస్త్రంలో ఉందో మేమెవరం అడగలేదు. మర్నాడు సెలూన్ అతను ఇంటికే వచ్చి, వేలి వెడల్పున ఉంచి మిగతాది కత్తిరించి వెళ్ళాడు. డాక్టరు మాత్రలు, పైపూత రాసిచ్చి, పుండ్లు మానేదాకా నూనెలేవీ తగలనివ్వొద్దన్నాడు. అవి పూర్తిగా మానాకే మళ్ళీ మైనం జోలికి పోయాం.

ఈసారి అత్తమ్మే కూర్చుంది. నన్ను గుమ్మం అవతల కుర్చీలో కూర్చోబెట్టి, అక్కడి నుంచే చెప్పమంది. ముందు మైనాన్ని నీళ్ళలో మరిగించి, పలచటి గుడ్డలో వడగట్టి, చల్లారాక పైన తేలిన బిళ్ళను తీసుకుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, అందులో చిన్న గిన్నె పెట్టి, ఒక వంతు మైనం, రెండు వంతులు ఇప్పనూనె, మూడు వంతులు కొబ్బరినూనె వేసింది. కరిగేదాకా గరిటె వదల్లేదు. చల్లటి పళ్ళెం మీద ఒక చుక్క వేసి, పేరుకున్నాక గోటితో నొక్కి చూసి, "ఇంకొంచెం నూనె పడాలె" అంది. దించాక కూడా కలుపుతూనే ఉంది, గింజలు కట్టకుండా. ఇప్పనూనె వాసన మాత్రం పోలేదు. మొదట ఆయన మోచేయి లోపల కొంచెం రాసి, మర్నాటిదాకా చూసి, మంట లేదన్నాకే గడ్డానికి రాయనిచ్చింది. సంత నుంచి రాగానే గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కుని, ఆరాక చిటికెడు తీసుకుని అరచేతుల్లో కరిగించి రాసుకునేవాడు. దురద పూర్తిగా పోలేదు గానీ, దిండు మీద మళ్ళీ రక్తం చూడలేదు.

వానలకు శబరి నది మళ్ళీ పొంగి కోంటా దగ్గర దారి ఆగిపోతే కాన్పుకు భద్రాచలం ఆస్పత్రికి చేరలేమని, ఒకసారి వరద తీయగానే నెలలు నిండకముందే వెళ్ళి అక్కడ గది తీసుకుని ఉన్నాం. పాప నెల ముందే పుట్టింది. బరువు తక్కువని అద్దాల పెట్టెలో పెట్టారు. కాన్పయింది కాబట్టి ఆచారం తీరిపోయినట్టే, కానీ ఆయన గడ్డం ముట్టుకోలేదు. రోజూ ఆ అద్దం అవతల నిలబడి వచ్చేవాడు.

పాపను బయటికి తెచ్చి నా ఒళ్ళో పెట్టిన రోజు అత్తమ్మే, "ఇంక పోయి రా బిడ్డా" అంది. ఆయన వెళ్ళి గంట తర్వాత వచ్చాడు. ఎండ తగలని దవడలు తెల్లగా ఉన్నాయి. మెడ దగ్గర నాలుగైదు నల్లమచ్చలు. పాపను ఎత్తుకోవడానికి చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, సబ్బుతో కడుక్కొస్తానని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అత్తమ్మ బల్ల మీద కూర్చుని, ఎన్నో నెలల తర్వాత, మధ్యాహ్నం వేళ కళ్ళు మూసుకుని నిద్రపోయింది.